టార్చి పట్టుకునే ఉద్యోగం

మా పెళ్ళయి నలభై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో మావారు నాకు ఇప్పించిన ఉద్యోగం ఒక్కటే: టార్చి పట్టుకోవడం. జీతం లేదు, సెలవుల్లేవు, ప్రమోషను అంతకన్నా లేదు. పైగా మాట పడటం ఉచితం. "ఇదుగో, అటు కాదు, ఇటు పట్టు!" "నా మొహం మీద కాదు, వైరు మీద!" "నిలబడే నిద్రపోతున్నావా?" మీలోనూ చాలామంది ఈ ఉద్యోగం వెలగబెట్టే ఉంటారు. ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడో, మోటారు మొరాయించినప్పుడో. కాబట్టి నా కష్టం మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

నేను టార్చి పట్టింది మాత్రం ఎక్కువగా మా అంబాసిడర్ కారుకి. 1977 మోడలు. 1985లో చీరాలలో ఒక పొగాకు వ్యాపారి దగ్గర సెకండు హ్యాండులో కొన్నారు మావారు. ఆయనది పత్తి, మిరపకాయల కమీషను వ్యాపారం. పొద్దున్నే బయల్దేరితే చీరాల, చిలకలూరిపేట, సీజనులో గుంటూరు యార్డు, అన్నీ తిరిగి ఏ రాత్రికో ఇల్లు చేరేవారు. కారు పైన బిక్కీలు కట్టిన రోజులూ ఉన్నాయి.

మాది పర్చూరు. ఉన్నచోట ఉంటూనే జిల్లాలు మారిన ఊరు మాది. గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో బాపట్ల జిల్లా అన్నారు. ఎవరేమన్నా నల్లరేగడి మారలేదు, పత్తీ మిరపా మారలేదు. మా కారూ అంతే. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బండి పోతపోసినట్టు, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన బండి అది. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ ఆపేశారని టీవీలో చెప్పిన రోజున మావారు రాత్రి అన్నం తినలేదు. "ఎవరు పోయారండీ?" అని పక్కింటావిడ నన్ను పిలిచి మరీ అడిగింది.

ఇంజను సంగతి మెకానిక్కులు చూసుకునేవారు. కరెంటు సంగతి మాత్రం మావారు ఎవరికీ వదిలేవారు కాదు. ఎంచేతంటే ఒకసారి వదిలి చూశారు. మా కారులో ఫ్యూజులు రెండే. అందులో ఒకటి పోతే ఆ కుర్రాడు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేశాడు. అప్పటికి దీపాలు వెలిగాయి, హారను మోగింది, మేమూ సంతోషించాం. నాలుగో రోజున డాష్‌బోర్డు కింద నుంచి పొగ! ఫ్యూజు అనేది తను కాలి మిగతావాళ్ళని కాపాడటానికి ఉంటుందట. దాన్ని కాలకుండా చేస్తే ఇల్లంతా కాలుతుందన్నమాట. మా అత్తయ్య ఆ మాట విని, "మన ఇంటి పెద్దకోడలి లాగా" అన్నారు. పెద్దకోడల్ని నేనే. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఈనాటికీ తేలలేదు.

అసలు ఈ కారు కరెంటు చాలా సులువైన విషయమని, టార్చి పట్టుకుని వింటూ వింటూ నేనే నేర్చుకున్నాను. ఇంట్లో దీపానికి రెండు తీగలు కావాలి, పోవడానికొకటి, తిరిగి రావడానికొకటి. కారులో చాలా దీపాలకి పోయే తీగ ఒక్కటే. తిరుగు ప్రయాణం కారు ఇనుప ఒంట్లోంచే. దాన్ని ఎర్తు అంటారు. ఆ ఎర్తు తుప్పు పట్టిందనుకోండి, విచిత్రాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఒకసారి ఇంకొల్లులో పెళ్ళికి వెళ్ళి వస్తున్నాం. ఎడమవైపు ఇండికేటరు వేస్తే దానితోపాటు వెనకున్న సైడు దీపం కూడా టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బ్రేకు నొక్కితే అన్ని దీపాలూ గుడ్డిగా వెలిగేవి. మావారు బల్బులు మార్చారు, స్విచ్చి మార్చారు. నేను మాత్రం వెనక నిలబడి చూస్తూ, "ఏమండీ, ఇది మన బజారు మురుక్కాలవ లాగుంది. మన కాలవ పూడిపోతే మన నీళ్ళు పక్కింటివాళ్ళ దొడ్లోంచి పోవడం లేదూ?" అన్నాను. ఆయన నా వంక ఒక నిమిషం చూసి, ఏమీ అనకుండా ఎడమ దీపం విప్పారు. లోపల ఎర్తు మేకు చుట్టూ పచ్చిపసుపు రంగులో తుప్పు! గరుకు కాగితంతో రుద్ది బిగించగానే ఎవరి దీపం వాళ్ళు వెలిగించుకున్నారు. కరెంటు తన దారి మూసుకుపోతే పక్కవాళ్ళ దారిన పోతుంది, అంతే. ఆ రోజున మావారు మా బావగారితో ఫోనులో, "నేను కనిపెట్టేశాను" అనడం నా చెవుల్తో విన్నాను. పోనివ్వండి.

ఇంక ఎలుకలు. పత్తి మండెలు వేసే రోజుల్లో కారు షెడ్డు ఎలుకలకి అత్తవారిల్లు. డాష్‌బోర్డు వెనకాల పత్తితో మెత్తటి పరుపులు వేసుకుని పిల్లల్ని పెట్టేవి. పళ్ళు దురదపెట్టినప్పుడల్లా వైర్ల మీది తొడుగు కొరికేవి. "కారం పొట్లాలు కట్టి పెట్టండ్రా" అన్నారు అత్తయ్య. పెట్టాం. మర్నాడు కారు అద్దాలు దింపుకుని బయల్దేరితే చీరాల దాకా అందరం తుమ్ముతూనే వెళ్ళాం. ఎలుకలకేం కాలేదు. మిరపకాయ కళ్ళాల్లో పుట్టి పెరిగిన ఎలుకలకి కారం ఒక లెక్కా?

అలా కొరికినప్పుడల్లా తీగలు అతకాలి. ఏ తీగకి ఏది అతకాలో తెలియడానికి రంగులుంటాయి. ఇంగ్లండులో లూకాస్ కంపెనీ వాళ్ళు పెట్టిన రంగుల లెక్క అది. 1961లో మద్రాసు దగ్గర పాడిలో లూకాస్ టీవీఎస్ పెట్టాక కారు కరెంటు సామాను మన దగ్గరే తయారైంది కానీ రంగులు అవే. గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే తీగ, దానికి ఫ్యూజు కూడా ఉండదు. వంగపండు రంగు ఫ్యూజు దాటి వచ్చింది, తాళం తియ్యకపోయినా పనిచేసే హారనుకి, లోపలి దీపానికి. తెలుపు తాళం తిప్పితేనే బతికేది. ఆకుపచ్చ అదే తాళం కరెంటు ఫ్యూజు దాటాక, వైపరుకీ బ్రేకు దీపానికీ. నీలం ముందు పెద్ద దీపాలకి. ఎరుపు సైడు దీపాలకి. నలుపు ఎర్తు. మనకి చీరల రంగులెలాగో మావారికి ఇవి అలాగ. చీకట్లో కూడా, "ఆ వంగపండుది పట్టుకో" అనేవారు.

ఇక అసలు సంగతికొస్తాను.

నాలుగేళ్ళ కిందట మావారు వ్యాపారం మానేశారు. రోజూ తిరిగిన కారు వారానికోసారి, పదిరోజులకోసారి బయటికి తియ్యడం మొదలైంది. అప్పట్నుంచీ ఒకటే బాధ. తాళం తిప్పితే 'టక్' మని ఊరుకునేది. బ్యాటరీ చచ్చిపోయేది. చార్జింగు పెట్టిస్తే లేచేది, మళ్ళీ వారానికి పడుకునేది. టెర్మినళ్ళ మీద తెల్లగా పువ్వు పూస్తే వేణ్ణీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, వాజలైను పూశాం. లాభం లేదు. కొత్త బ్యాటరీ కొన్నాం. మూడు నెలలు తిరక్కుండా అదే తంతు. ఇంకోటి కొన్నాం. అదీ అంతే.

దాంతోపాటు ఇంకో ఫిర్యాదు. "ముందు దీపాలు మసగ్గా ఉన్నాయి" అనేవారు మావారు. బల్బులు మార్చారు. అద్దాలు తుడిపించారు. కొన్నాళ్ళకి, "ఈ దీపాలతో రాత్రిపూట నడపడం కష్టం" అని చీకటి పడ్డాక కారు తియ్యడం మానేశారు. మేనకోడలి కూతురి పెళ్ళి రాత్రి ముహూర్తమైతే బస్సులో వెళ్ళాం. నలభై ఏళ్ళుగా అర్ధరాత్రీ అపరాత్రీ ఆ రోడ్ల మీద తిరిగిన మనిషి!

హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోనులో, "అమ్మా, ఆ బండికి పెట్టే డబ్బుతో రోజూ టాక్సీలో తిరగొచ్చు. అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషనుకి పరుగులు కూడాను. ఎవరికన్నా ఇచ్చెయ్యమని నాన్నతో చెప్పు" అన్నాడు. గుంటూరు నుంచి ఒకాయన వచ్చి చూసుకున్నాడు కూడా. సినిమా షూటింగులకి పాత కార్లు అద్దెకిస్తాడట. బేరం చెప్పాడు. మావారు పోట్లాడతారనుకున్నాను. "నన్నమ్ముతారా, కారునమ్ముతారా!" అని కేకలేస్తారనుకున్నాను. ఆయన ఆకాశంలోకి చూస్తూ, "సరే, తీసుకుపొమ్మందాం. ఇంక మనకెందుకులే" అన్నారు.

చెప్పొద్దూ, నాకు భయమేసింది. కేకలేస్తే భయం లేదు. ఆయన 'ఇంక మనకెందుకులే' అన్నప్పుడే భయం.

"ఆదివారం ఆయన వస్తాడు. ఈలోగా ఒక్కసారి చూడండి, చచ్చిన బ్యాటరీతో ఇస్తే మాటొస్తుంది" అన్నాను. అదొక్కటే ఆయన్ని లేపే మంత్రమని నాకు తెలుసు.

సాయంత్రం దీపాలు పెట్టేవేళ షెడ్డులోకి వెళ్ళాం. టార్చి నాది, పని ఆయనది. చార్జింగు పెట్టించిన బ్యాటరీ మీద నుంచి ఒక తీగ ఊడదీసి, ఆ టెర్మినలుకీ తీగకీ మధ్య చిన్న బల్బు కట్టారు. ఇది ఆయనకి పాత అలవాటు. తాళం తీసి, తలుపులన్నీ వేసి, ఏ స్విచ్చీ వెయ్యకుండా ఉంటే బల్బు వెలగకూడదు. వెలిగిందంటే ఎక్కడో ఎవరో దొంగచాటుగా కరెంటు తాగుతున్నట్టు. అప్పుడు ఒక్కొక్క తీగే తీసుకుంటూ పోవాలి. ఏది తీస్తే బల్బు ఆరుతుందో అదే దొంగ.

"చూశావా? వెలగట్లేదు. ఇదివరకు రెండుసార్లూ ఇలాగే చూశాను. వైరింగులో తప్పేం లేదు, ఈ బ్యాటరీలే నాసిరకం" అన్నారు ఆయన.

నేను టార్చి ఆర్పాను. బల్బు లోపలి తీగ ఎర్రగా, మిణుగురులాగ, వెలుగుతోంది.

"వెలుగుతోందండీ" అన్నాను.

"ఏదీ?"

"అదిగో. సన్నగా."

ఆయన వంగి, బల్బుకి బెత్తెడు దూరంలో మొహం పెట్టి చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. తరవాత, "సరే, ఆ వంగపండు రంగు తీగ లాగు" అంటూ తనే ఒక తీగ పట్టుకున్నారు. ఆయన చేతిలో ఉన్నది గోధుమ రంగు తీగ.

నాకు ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. మసకబారింది కారు దీపాలు కాదు. రెండు జతల బల్బులు ఊరికే మార్చాం. రెండు బ్యాటరీలు ఊరికే కొన్నాం. నలభై ఏళ్ళు చీకట్లో రంగులు చెప్పిన మనిషికి, పక్కనే టార్చి ఉన్నా వంగపండుకీ గోధుమకీ తేడా తెలియడం లేదు.

"అది గోధుమ రంగండీ. వంగపండు ఇది" అన్నాను, ఇవాళ కూర ఏమిటో చెప్పినట్టు.

ఆయన తీగ వదిలేశారు. కాసేపాగి, "నీకెప్పుడు తెలిసింది?" అన్నారు.

"ఇప్పుడే. మీకు?"

"రెండేళ్ళయింది" అన్నారు. "కారు నడపొద్దంటారని చెప్పలేదు."

అంతే. ఇంకేం మాట్లాడుకోలేదు. ఆయన టార్చి కోసం చెయ్యి చాపారు. నేనిచ్చాను. ఆయన పానా నాకిచ్చారు. అలా, నలభై ఏళ్ళ సర్వీసు తరవాత నాకు ప్రమోషను వచ్చింది.

"ముందు మొదటి ఫ్యూజు తియ్యి" అన్నారు. తీశాను. బల్బు వెలుగుతూనే ఉంది. "రెండోది." తీశాను. అయినా వెలుగుతోంది. "అయితే దొంగ ఫ్యూజులకి ఇవతలే ఉన్నాడు. గోధుమ తీగల దగ్గర పరాయిది ఏదన్నా ఉందేమో చూడు." చూశాను. అన్నిటి వెనకా, దుమ్ములో, ఎరుపూ పసుపూ మెలేసిన సన్నటి తీగ ఒకటి కనిపించింది. అది లూకాస్ వాళ్ళ లెక్కలో లేని రంగు. అది మా అబ్బాయి పంచెల వేడుకకి పందిట్లో సీరియలు దీపాలకి కట్టిన వైరు! ఆ రంగు నేను మర్చిపోతానా?

పట్టుకుని పోతే అది డాష్‌బోర్డులో ఎడమవైపున్న అరలోకి దూరింది. ఆ అర మా అత్తయ్యది. ఆవిడ ముందు సీటులోనే కూర్చునేవారు. అరలో వేంకటేశ్వరస్వామి పటం పెట్టించుకుని, బయల్దేరేముందు మూత తీసి దణ్ణం పెట్టుకుని మళ్ళీ వేసేసేవారు. మూత తీస్తే లోపల దీపం వెలుగుతూ కనిపించేది. ఫ్రిజ్జు తలుపు తీస్తే వెలిగినట్టు, తీసినప్పుడే వెలుగుతుందనుకున్నాం అందరం. 2006లో ఆవిడ పోయారు. అర తాళంచెవి కనిపించలేదు. నిజం చెప్పాలంటే ఎవరూ వెతకలేదు.

స్క్రూడ్రైవరు పెట్టి మూత పెకలించాను. లోపల స్వామి, అటొక బల్బూ ఇటొక బల్బూ, గుడ్డిగా, బంగారు రంగులో వెలుగుతున్నాయి. ఇన్నేళ్ళుగా, మూసిన అరలో, షెడ్డు చీకట్లో, ఎవరూ చూడకుండా!

మావారు సీటులో కూలబడ్డారు. "అమ్మ అడిగింది" అన్నారు మెల్లగా. "తాళం తీస్తే ఆరిపోకూడదురా, అఖండదీపంలా ఉండాలి అంది. ఏదో బిగించమని ఎవరికో చెప్పాను. ఏం చేశాడో చూడలేదు."

ఆ బిగించినవాడెవరోగాని రెండు బల్బుల్నీ ఒకదాని వెనక ఒకటి కట్టాడు. పన్నెండు ఓల్టుల్నీ చెరి ఆరూ పంచుకుని, సగం బలంతో వెలిగాయి కాబట్టి అవి మాడిపోలేదు. అమెరికాలో లివర్‌మోర్ అనే ఊళ్ళో, ఫైరుస్టేషనులో 1901 నాటి బల్బు ఒకటి ఇప్పటికీ వెలుగుతోందట, అదీ ఇలాగే మసగ్గానేట. కారు రోజూ తిరిగినన్నాళ్ళూ ఈ దీపం తాగిన కరెంటుని డైనమో ఎప్పటికప్పుడు తిరిగి పోసేసింది. మావారు ఇంట్లో కూర్చున్నాక పోసేవాళ్ళు లేరు, తాగేది మాత్రం ఉంది. లెక్క చాలా సులువు. మూడొంతుల ఆంపియరు కాదు, అందులో సగం కూడా లేదు. కాని పగలూ రాత్రీ తాగితే వారం పదిరోజుల్లో బ్యాటరీ అడుగంటుతుంది.

దాన్ని పీకి పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. అలా ఉంచడమూ కుదరదు. బ్యాటరీ సంగతి అటుంచి, ఫ్యూజు లేని పందిరి వైరు ఎలుక కొరికితే కారు మొత్తం బుగ్గి. "ఆకుపచ్చ తీగకి అతుకు. తాళం తిప్పితే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. మధ్యలో ఫ్యూజు కూడా ఉంటుంది" అన్నారు ఆయన. మంచి వైరు తెచ్చి, ఆయన చెప్తూంటే, నేనే అతికాను. టార్చి ఆయన పట్టుకున్నారు. చెప్పకూడదు గానీ, అస్తమానం అటూ ఇటూ కదిపేస్తారు.

"అత్తయ్యకి కోపం వస్తుందేమో" అన్నాను.

"రాదులే. స్వామికి మాత్రం రాత్రిపూట పవళింపు సేవ ఉండొద్దూ?" అన్నారు.

ఆదివారం గుంటూరాయన వస్తే కాఫీ ఇచ్చి పంపించాం. సోమవారం బస్సెక్కి గుంటూరు మేమే వెళ్ళాం, కంటి డాక్టరు దగ్గరికి. రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నారు. శుక్లం పట్టిన కంటికి లోకమంతా పసుపుపచ్చ అద్దంలోంచి చూసినట్టుంటుందట. నీలం, ఊదా రంగులు ముందు మాసిపోతాయట. "వంగపండు గోధుమలా కనిపించడం అందుకే" అన్నారు డాక్టరుగారు, వైరుల సంగతి చెప్తే నవ్వుతూ. నెల తేడాతో రెండు కళ్ళకీ ఆపరేషను అయింది.

మొదటి కంటి కట్టు విప్పిన రోజు సాయంత్రం ఇంటికి రాగానే ఆయన సరాసరి షెడ్డులోకి వెళ్ళి బానెట్టు ఎత్తారు. "ఇదుగో, ఇలా రా! ఈ వంగపండు చూడు! ఎంత బావుందో!" అని చిన్నపిల్లాడిలా కేక. నేను కొంగు పట్టుకుని చుక్కలమందు సీసాతో పరిగెత్తాను.

ఆయన వైరు వదిలి నా వంక చూశారు. చూస్తూనే ఉన్నారు. ఏదో మంచిమాట అంటారని నేనూ నిలబడ్డాను.

"నీ జుట్టు ఇంత తెల్లబడిందా?" అన్నారు.

చేతిలో టార్చి లేదు గానీ, ఉంటే ఆర్పేసేదాన్ని.